పూత కొట్టే పని

అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యేచోట ఒక ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఉంది. పగిడయ్య అందులో పదకొండేళ్లు పనిచేశాడు. పాత ఇనుము కరిగించే భట్టీకి లోపల రాతిపొడితో మందంగా పూత వేస్తారు. కొన్నాళ్లకు ఆ పూత కాలి పగుళ్లు ఇస్తుంది. అప్పుడు భట్టీ చల్లార్చి, మనిషి లోపలికి దిగి డ్రిల్లింగ్ మిషన్‌తో కొట్టి తీయాలి. ఆ దిగే మనిషి పగిడయ్యే. ముక్కుకు తువ్వాల కట్టుకుని దిగితే, పైకొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడేవి.

నలభై రెండేళ్లకే అతనికి ఊపిరి అందడం కష్టమైంది. కంపెనీ పెట్టిన క్యాంపులో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఆరు నెలలు గోళీలు మింగినా దగ్గు తగ్గలేదు. భార్య కొండమ్మ అతన్ని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ముందుగా పని గురించే అడిగాడు.

"ఇది టీబీ కాదమ్మా. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. సిలికోసిస్ అంటారు. పూర్తిగా నయం కాదు. ఆ పొడికి దూరంగా ఉండాలి" అన్నాడు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి ఉత్తరం కూడా తనే రాశాడు.

భట్టీ పనికి పగిడయ్య బదులు, ఆ పక్కనే మూడేళ్లుగా పనిచేస్తున్న హీరాలాల్‌ను పెట్టారు. పగిడయ్య యార్డు ఊడుస్తున్నాడు. రెండు నెలలకు, ఒక మంగళవారం పొద్దున, సూపర్‌వైజర్ శ్రీను పరుగున వచ్చాడు.

"పగిడన్నా, జల్దీ స్టోర్ రూంల కూసో. మేడం వస్తున్నది. గంటల తలుపు తీస్త."

"నేనెందుకు దాక్కోవాలె?"

"నువ్వు ఆమె ముందట దగ్గితే నా నౌకరి పోతదన్నా."

చెయ్యి పట్టుకుని లోపలికి నెట్టి, బయట గొళ్లెం పెట్టాడు.

రేకుల గది పొద్దుటి ఎండకే కాలుతోంది. రేకుల సందులోంచి పగిడయ్య చూశాడు. తనిఖీ అధికారి నాగలత చల్లార్చిన భట్టీ దగ్గర నిలబడి ఉంది. మేనేజర్ అనిల్‌కుమార్ పక్కన పనివాళ్లు కొత్త మాస్కులతో వరసగా నిలుచున్నారు.

"పూత కొట్టేవాళ్లు వీళ్లేనా?"

"వీళ్లే మేడం. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు."

పగిడయ్య అరవబోయాడు. గొంతులోంచి దగ్గే వచ్చింది. పిడికిలితో రేకును బాదాడు.

"కోతులు మేడం. రోజూ ఇదే గోల" అన్నాడు మేనేజర్. ఆమె తల ఊపి జీపు వైపు కదిలింది.

పగిడయ్య మళ్లీ బాదాడు. చేతుల్లో బలం అయిపోతోంది.

వరసలోంచి హీరాలాల్ బయటికొచ్చాడు. "ఏయ్, ఎటు పోతున్నవ్?" అని శ్రీను కేకేసినా ఆగకుండా వచ్చి గొళ్లెం తీశాడు.

స్టోర్ రూం నుంచి భట్టీకి నలభై అడుగులుంటాయేమో. పగిడయ్య మూడుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగాడు. జీపు వైపు పోతున్న నాగలత ఆగి వెనక్కి వచ్చింది.

"బీడీలు తాగి చెడగొట్టుకున్నాడు మేడం. మా దగ్గర దుమ్మే లేవదు" అన్నాడు మేనేజర్.

జవాబు చెప్పడానికి పగిడయ్యకు ఊపిరి చాలలేదు. వాళ్లను దాటి భట్టీ అంచుకు పోయాడు. లోపల సగం పూత ఇంకా అలాగే ఉంది. పక్కనున్న మిషన్ అందుకుని లోపలికి దిగాడు.

"వద్దు భాయ్!" అన్నాడు హీరాలాల్.

మిషన్ మోగింది. తెల్లటి పొడి గుప్పున లేచి భట్టీని కప్పేసింది. మేనేజర్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి దూకాడు. నాగలత కళ్లు మూసుకుని దగ్గుతూనే, "ఆపండి! ఆయన్ని పైకి తీయండి!" అని అరిచింది.

హీరాలాల్, శ్రీను కలిసి అతన్ని లాగారు. పెదాలు నల్లబడ్డాయి. ఆమె జీపులోనే దవాఖానాకు తరలించారు. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

ఆ సాయంత్రమే పూత పని ఆపించారు. నీళ్లు చల్లుతూ కొట్టాలని, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలని ఆర్డరు వచ్చింది. అందరికీ పరీక్షలు చేస్తే తొమ్మిది మందికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. హీరాలాల్‌కు ఇంకా మొదట్లోనే ఉంది. అతన్ని వేరే పనికి మార్చారు.

పగిడయ్యకు నయం కాలేదు. కాదని అతనికీ తెలుసు. ఇంటికొచ్చిన నాలుగోనాడు కొండమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"ఇంకో నిమిషం ఆ మిషన్ పట్టుకుంటే ఏమయ్యేటోనివో ఎరికేనా?"

"అవ్. ఎరికే."

"మరి ఎట్ల దిగినవ్?"

పగిడయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"నోటితోని చెప్పలేకపోయిన" అన్నాడు.