పది రోజులకు ఒక రోజు

నవనీత పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు బ్రాంచీలు. కాన్పు సెలవు అయిపోవస్తుంటే యజమాని ఫోన్ చేశాడు. "మూడు చోట్ల ఖాళీలున్నయమ్మా. సోమవారం లోపల ఏడికొస్తవో చెప్పు. లేకుంటె వేరేవాళ్లను పెట్టుకుంట."

ఎక్కడికైనా పోవడానికి ఆమె సిద్ధమే. భర్త ఉపేందర్ డీసీఎం వ్యాను నడుపుతాడు, ఏ ఊళ్లో ఉన్నా లోడు దొరుకుతుంది. తిరకాసంతా ఎనిమిది నెలల నందినితోనే. ఆత్మకూర్‌లో ఉన్న అత్తగారు పొద్దున్నే కూలికి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరుతుంది. ఆ కూలి మానుకొమ్మని అడగడానికి నోరెలా వస్తుంది? అందుకని పిల్లను చూసుకునే చోటు ఎక్కడ దొరికితే ఉద్యోగం అక్కడ. దొరక్కపోతే ఆరేళ్ల ఉద్యోగం ఖతం.

సూర్యాపేటలో జీతం పదిహేను వేలు. అక్కడి డేకేర్ గోడల నిండా ఏనుగులూ జిరాఫీలూ. నడిపే సరళా మేడం ఫారం నింపుతూ జీతమెంతని అడిగింది. నవనీత ఉన్నదున్నట్టు చెప్పింది. మేడం పెన్ను ఆపి, ఆమెను కింది నుంచి పైదాకా చూసి, "ఏడాది లోపు పిల్లలకు ఏడు వేలు. పాలపొడి మీదే" అంది. సగం జీతం దీనికే పోతే ఇంటి కిరాయి ఎవరు కడతారు? అయినా ఆ ఏడు వేల కంటే ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే కోదాడలో తెలివి ఉపయోగించింది. అక్కడి ల్యాబులో ఇచ్చేది పదమూడు వేలే అయినా, డేకేర్‌లో అడగ్గానే "ఇరవై వేలు" అనేసింది. వెంటనే కుర్చీ వచ్చింది, టీ వచ్చింది. "ఏడాది నిండందే తీసుకోమండీ. తప్పదంటే విడిగా ఆయాను పెట్టాలి, ఎనిమిది వేలవుద్ది" అంది అక్కడి ఆవిడ తియ్యగా. టీ బాగానే ఉంది. ఏం లాభం?

ఇక ఆదివారం ఒక్కటే మిగిలింది, మిర్యాలగూడ ఒక్కటే మిగిలింది.

"మిల్లుల పనిచేసే ఆడోళ్లు పిల్లలను దుర్గమ్మ అని ఒక ముసలామె తాన ఇడిసిపోతరు. లోడుకు పోయినప్పుడు సూసిన" అన్నాడు ఉపేందర్.

దుర్గమ్మది బియ్యం మిల్లు వెనక రెండు గదుల రేకుల ఇల్లు. దూలానికి నాలుగు చీర ఉయ్యాలలు, కింద చాపల మీద ఆరుగురు పిల్లలు. నేల మాత్రం అద్దంలా తుడిచి ఉంది. సీజను కాబట్టి ఆదివారమైనా మిల్లు ఆగలేదు. మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చిన తల్లులు పిల్లలకు పాలిస్తూ కూర్చున్నారు. ఉపేందర్ బయటే ఆగిపోయాడు.

"ఏం పని జేస్తవ్ బిడ్డా? జీతమెంత?" అంది దుర్గమ్మ, నందినిని అందుకుంటూ.

నవనీత నాలుక కోదాడలోనే ఉండిపోయింది పాపం. "ఇరవై వేలు" అంది.

"అయితే నెలకు రెండు వేలియ్యి."

అర్థం కాక నవనీత తెల్లమొహం వేసింది. పక్కన కొడుక్కి పాలిస్తున్న సరిత అనే మిల్లు కూలీ విడమరిచి చెప్పింది. "గీడ అందరికి ఒక్క రేటు ఉండదక్కా. తల్లి పదిరోజులు పనిజేస్తె ఒకరోజు కూలి ఈ అవ్వకు. నాకు రోజుకు ఐదొందలు, పదిరోజులకొకసారి ఐదొందలిస్త. పని లేని నాడు లెక్క లేదు. ఒక టీచరమ్మ మూడున్నర వేలిస్తది. పిల్లలకు మాత్రం అందరికి గదే జావ, గదే ఉయ్యాల."

గొప్పలకు పోతే తిప్పలు తప్పవని ఊరికే అనలేదు. నీళ్లు తాగొస్తానని నవనీత బయటికి వచ్చింది. అంతా విన్న ఉపేందర్ నవ్వు ఆపుకోలేక నానా తంటాలు పడుతున్నాడు.

"గీడ నీకిచ్చేది పన్నెండు వేలు. పన్నెండొందలియ్యాలె గని రెండు వేలేంది?"

"ఇప్పుడు చెప్తె ఇజ్జత్ పోతదయ్యా."

"నెలకు ఎనిమిదొందల ఇజ్జతా? మస్తు పిరం."

లోపలికి వెళ్లేసరికి నందిని దుర్గమ్మ ఒళ్లో నిలబడి, ఆమె ముక్కుపుడక పీకే పనిలో ఉంది. ముసలామె ఏమీ అనడం లేదు. ఈమెతోనా అబద్ధమాడాను అనుకుంది నవనీత. సిగ్గేసింది.

"అమ్మా, నా జీతం పన్నెండు వేలే. ఇందాక అబద్ధం చెప్పిన."

ఇల్లంతా ఘొల్లుమంది. సరిత నవ్విన నవ్వుకు ఉయ్యాలలో పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"తక్కువ చెప్పినోళ్లను మస్తుమందిని సూసిన. ఎక్కువ చెప్పినదానివి నువ్వే" అంది దుర్గమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "పిండి కొద్ది రొట్టె, బిడ్డా. నేను గీ మిల్లుల చెరిగేటప్పుడు నా పిల్లను సూసిన అవ్వ కూడ గిట్లనే తీసుకున్నది. గామె పెద్ద రేటు చెప్పి ఉంటె నేను ఇంట్లనే కూసుందును. పన్నెండొందలియ్యి. రేపు ఎనిమిదింటికి తీసుకరా."

నవనీత అక్కడే నిలబడి యజమానికి ఫోన్ చేసింది, రేపటి నుంచే మిర్యాలగూడకు వస్తానని. ఉపేందర్ అప్పటికే బయట, మిల్లు నుంచి వచ్చిన సరిత భర్తతో కిరాయి గది ముచ్చట మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దంతా సూది పట్టుకున్న చేయి పని చేస్తూనే ఉంది గానీ మనసంతా మిల్లు వెనకాలే. మధ్యాహ్నం పరుగెత్తుకెళ్లి పాలిచ్చి వచ్చింది. సాయంత్రం మళ్లీ పరుగు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని ఉంటుందని దారంతా భయం.

నందిని ఏడవలేదు. చాప మీద సరిత కొడుకుతో గిన్నె కోసం కొట్లాడుతోంది. నవనీత చేతులు చాస్తే ఒకసారి చూసి, దుర్గమ్మ కొంగు పట్టుకుని మొహం అటు తిప్పుకుంది.

ఒక్కరోజుకే మర్చిపోయిందా అనుకుంది నవనీత. ఆ వెంటనే, ఎన్ని నెలల తర్వాతో, గుండె నిండా ఊపిరి అందింది. రేపు పనికి పోవచ్చు. ఎల్లుండీ పోవచ్చు.

"తొందరేం లేదమ్మా, ఆడుకోనీ" అని దుర్గమ్మతో చెప్పి తానూ ఆ చాప మీదే కూలబడింది.