ల్యూథెన్‌లో ఆస్ట్రియా పక్షం

నాకు కోపం ఎక్కువ, దాచుకోను. చైతన్యపురిలో గ్రూప్స్ పరీక్షలకు చరిత్ర చెబుతాను. పదహారేళ్లలో నా క్లాసులో ఒకసారి ఫోను మోగించినవాడు రెండోసారి మోగించలేదు. అది ఉద్యోగం. అసలు పని సాయంత్రాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో మా భోజనాల బల్ల మీద. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ యుద్ధాలను ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలుగా తయారు చేస్తాను. పచ్చగుడ్డ నేల, థర్మాకోల్ ముక్కలు మిట్టలు, నీలం అట్టముక్కలు ప్రష్యా సైన్యం, తెల్లవి ఆస్ట్రియా సైన్యం. ఏ దళం ఎంత నడవాలి, ఎవరికి ఎవరు కనబడతారు, పాచిక ఎంత పడితే పారిపోవాలి, ఆ రూల్సన్నీ నావే. మిట్ట చాటున్న దళం ఎదుటివాళ్లు వెళ్లి చూసేదాకా బల్ల మీదికి రాదు, కాగితం మీదే నడుస్తుంది. ఆ బల్ల మీద కంచం పెట్టుకునే యోగం తనకు లేదని మా అమ్మ హనుమాయమ్మ రోజూ సణుగుతుంది.

ల్యూథెన్ యుద్ధం మీద మూడేళ్లు కూర్చున్నాను. 1757 డిసెంబరు, నేలంతా మంచు. ప్రష్యా రాజు దగ్గరున్నది శత్రుసైన్యంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆస్ట్రియా కుడివైపు దాడి చేస్తున్నట్టు నటించి, మిట్టల చాటున సైన్యాన్ని నడిపించుకెళ్లి ఎడమవైపు విరుచుకుపడ్డాడు. ఆస్ట్రియావాళ్లు ఆ నటన నమ్మి, అదనపు దళాలను కుడివైపు పంపి నిండా మునిగారు. ఎంత అందమైన ఎత్తు!

ఇంగ్లండ్‌లో ఒక చిన్న సంస్థ దీన్ని అచ్చువేసి అమ్ముతానంది. నా పేరుతో మొదటి ఆట. పన్నెండుసార్లు ఆడించి రిపోర్టు పంపితే జవాబొచ్చింది: "పన్నెండుసార్లూ ప్రష్యాయే గెలిస్తే ఆస్ట్రియా వైపు ఎవరైనా ఎందుకు కూర్చోవాలి? ఆదివారంలోగా సరిచేసి పంపండి. లేకపోతే వేరే ఆట చూసుకుంటాం."

ఒళ్లు మండింది. చరిత్రలో గెలిచింది ప్రష్యా, నా బల్ల మీదా గెలిచింది ప్రష్యా, మధ్యలో వీళ్లకేం నొప్పి? అయినా పళ్లు నూరుకుంటూ ఆస్ట్రియాకు రెండు ఫిరంగులు పెంచాను. ప్రష్యాయే గెలిచింది. గుర్రపు దళం పెంచాను. మళ్లీ అదే కథ. మూడేళ్ల కష్టం బూడిదలో పోస్తున్నానేమోనని మొదటిసారి భయమేసింది.

ఆడేది నా విద్యార్థులిద్దరు: హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒంగోలు వంశీకృష్ణ, బాలాపూర్ నుంచి వచ్చే శృతి. పక్షాలు మార్చుకుంటూ ఆడతారు. శనివారం శృతిది ఆస్ట్రియా. బల్ల వైపైనా సరిగ్గా చూడకుండా అదనపు దళాలను కుడివైపు జరిపేసింది.

"ఏమ్మా, అవి అటెందుకు పంపావు?" అన్నాను.

"ఆన్సరు అదే గద మేడం. ఆస్ట్రియోళ్లు కుడికి పంపిన్రు, ఓడిపోయిన్రు. మీ నోట్స్‌లనే ఉన్నది."

"ఇది పరీక్ష కాదే తల్లీ, ఆట! గెలవాలని లేదూ నీకు?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. వంశీ గొంతు సవరించుకున్నాడు. "మీరు కోప్పడనంటే చెప్తాను మేడమ్. రెండో ఆటలో నేను గుర్రాల్ని మిట్ట వెనక్కి పంపబోయాను. 'చరిత్రలో అలా జరగలేదు' అని మీరు నా చేతిలో ముక్క లాగేసుకున్నారు."

"నేనా?"

"మూడో ఆటల నా చేతిలకెల్లి గూడ గుంజుకున్నరు," అంది శృతి. "అప్పటిసంది మేం కీ చూసి రాసినట్టే ఆడుతున్నం. మీరు ఖుషీ అయితున్నరని."

అరవబోయాను. బదులుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండిమనుషులను చూసి నవ్వుకునేదాన్ని. ఈ పిల్లలు ఆట తర్వాత ఆట కావాలని ఓడిపోయేలా చేసింది నేనే. సిగ్గుతో చెవులు కాలాయి.

ఆదివారం పొద్దున్నే పిలిపించాను. పెంచిన ఫిరంగులూ గుర్రాలూ తీసేశాను. ప్రష్యా నేను తీసుకుని, ఆస్ట్రియా శృతికిచ్చాను. వంశీ ఎత్తులు రాసుకుంటున్నాడు.

శృతి చాలాసేపు బల్ల చుట్టూ తిరిగింది. "గీ మిట్ట ఎనకాల ఏమున్నది మేడం?"

"వెళ్లి చూస్తేగానీ తెలీదు."

"అయితే చూడాల్నే. మా నాయన నాలుగు దిక్కులు తిరిగి చూడకుంట ప్లాటుకు బయానా పైసలు ఇయ్యడు." గుర్రాలను మిట్ట వెనక్కి పంపింది.

అక్కడ నా సైన్యమంతా బారుగా నడుస్తోంది. "అలా జరగ..." అనబోయి నాలిక కరుచుకున్నాను. నడకలో ఉన్న దళానికి తిరిగి పోరాడే వీల్లేదు; ఆ రూలు రాసింది నేనే. మూడు విడతల్లో నా నీలం ముక్కలు సగం బల్ల దిగిపోయాయి. మూడేళ్లుగా ఓటమి ఎరగని నా రాజు పారిపోయాడు. నిజం చెబుతున్నాను, ముక్కలన్నీ డబ్బాలో పడేయాలనిపించింది. ఆ వెంటనే లేచి గంతులేయాలనీ అనిపించింది.

శృతి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "తప్పయిందా మేడం?"

"గెలిచావే పిల్లా!" అన్నాను. తను నమ్మలేదు. వంశీ రాసిన కాగితం చూసుకున్నాకే నవ్వింది.

ఇంకో రెండాటలు ఆడాం. ఒకదాంట్లో మిట్టకు కాపలా పెట్టుకుని నేను గెలిచాను, ఇంకోదాంట్లో వంశీ ఆస్ట్రియాను గెలిపించాడు. మధ్యాహ్నానికి రిపోర్టు పంపేశాను. మంగళవారం ఒప్పుకుంటూ మెయిల్ వచ్చింది. ఆటలో ఒక్క రూలూ మార్చమనలేదు. రిపోర్టులో నా మొదటి వాక్యం చదివాకే మిగతాది నమ్మారట. నేను రాసింది ఇది: "పాత పన్నెండు ఆటలూ కొట్టేయండి. వాటిలో రెండు వైపులా ఆడింది నేనే."