బొమ్మనహళ్ళిలో రోడ్డు దాటడం

అంజినమ్మ రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని హోసూరు రోడ్డు దాటి గార్మెంట్స్ పనికి పోతుంది. ఈ పొద్దు మాత్రం రోడ్డుకంటే పక్కన నడుస్తున్న మనిషంటేనే ఎక్కువ భయంగా ఉంది. ఆయన ఆదినారాయణప్ప. చనిపోయిన మొగుడికి అన్న, ఆమెకు బావ. ఆమె బట్టల సంచి ఆయన చేతిలో ఉంది.

పొద్దున్నే చెప్పాపెట్టకుండా కదిరి పక్క పల్లె నుంచి దిగబడ్డాడు. గుమ్మంలో నిలబడే గదంతా చూసేశాడు. చూడటానికి అంతకుమించి ఏముంది గనక!

"ఇదేం బతుకమ్మే? కాలు జాపితే గోడ తగుల్తాది. ట్యాంకరోడు పోస్తేనే నీళ్ళు. పక్కన పీనుగ లేచినా అడిగేవాళ్ళు లేరు. ఆడ మీ యక్క మంచం పట్టుండాది, గొడ్లను చూసే దిక్కులేదు. మూట కట్టు, పోదాం."

ఆయన చెప్పినవన్నీ నిజాలే, అదే చిక్కు. పక్క గది ముసలాయన పోయిన సంగతి వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. కానీ ఊళ్ళో ఆమె బతుకేమిటి? మొగుడు పోయినప్పటి నుంచి బావ పొలానికి బయలుదేరే వేళ ఎదురు రాకూడదని తలుపు చాటున నిలబడేది. ఆయన సందు మలుపు తిరిగాడని ఆయన పెళ్ళాం, ఆ అక్కే, కేక వేస్తే గాని బయటికి అడుగు పెట్టేది కాదు. ఈ నగరంలో పొద్దున్నే వేలమంది ఎదురవుతారు. ఆమె ముఖం చూసి ఒక్కరూ వెనక్కి తిరిగి ఇంట్లోకి పోరు. ఈ ఊరు ఆమెకు పెట్టిన కూడు గొప్పదేమీ కాదు గానీ, దాక్కోమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇదంతా నోటిదాకా వచ్చింది. కానీ బావ ముందు చేతులు వాటంతటవే బట్టలు సర్దేశాయి.

మెజెస్టిక్ బస్టాండుకు పోయే సిటీ బస్సు రోడ్డు అవతల ఆగుతుంది. అంచుకు రాగానే ఒక లారీ హారన్ కొట్టింది. ఊళ్ళో పదిమందిని గదమాయించే పెద్దమనిషి ఒక్క గెంతులో వెనక్కొచ్చి పడ్డాడు.

"ఇదెట్ల దాటేదే?"

"చెయ్యెత్తి నడస్తా ఉండాల బావా. నడాన నిలబడితే సస్తాం."

"నువ్వు ముందు పో."

అంజినమ్మ నడిచింది. ఆయన ఆమె కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నంత పని చేసి వెనకే వచ్చాడు. ఊళ్ళో ఎవరైనా చూసి ఉంటే పంచాయితీ పెట్టేవాళ్ళు.

అవతలికి చేరాక ఆయనకు గొంతు తిరిగొచ్చింది. "సూసినావా! యమలోకం. ఈడుంటే నువ్వూ ఒగరోజు టైర్ల కిందే. బస్సొచ్చె, ఎక్కు."

"నేను రాను బావా."

తన గొంతు విని తనే హడలిపోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఏమంటివి?" అంటూ మణికట్టు కోసం చెయ్యి చాచాడు. బస్సు ముందుంది, బావ పక్కనున్నాడు, వెనకాల రోడ్డు. ఆమె వెనక్కి తిరిగి, చెయ్యెత్తి, రోడ్డులోకి దిగింది.

బైకువాడొకడు కన్నడంలో తిట్టుకుంటూ మోచేతిని రాసుకుపోయాడు. ఎలాగో రోడ్డు నడిమి ఫ్లైఓవర్ స్తంభం పట్టుకుని వెనక్కి చూసింది.

"అంజినమ్మా! సస్తావే! రా!" అని అరుస్తున్నాడు బావ, ఆమె సంచి చేత్తో పట్టుకునే. ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. ఆటో ఒకటి దూసుకురాగానే తీసేసుకున్నాడు. మళ్ళీ పెట్టలేదు.

ఆయన రాలేడు. అది తెలిశాక కూడా ఆమెకు వణుకు తగ్గలేదు. వణుకుతూనే మిగిలిన సగం రోడ్డూ దాటింది.