తోడు వచ్చేవారి పేరు

ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు తొడిగింది ఫెబా. చక్కెర డబ్బాకు తొడగలేదు. నీటికాసుల జబ్బుతో అత్తమ్మ సుగుణమణి చూపు పోయినప్పుడు ఎవరూ చెప్పకుండానే చేసిన పని అది. పొయ్యికి ఎడమ పక్క టీ పొడి, తలుపు వెనక చేతికర్ర, కొక్కేనికి తువ్వాలు. దేన్నీ జరపదు, ఎవరినీ జరపనివ్వదు. చర్చిలో ఎవరైనా అడిగితే సుగుణమణి, "చూపు లేకున్నా నా పని నేనే చేసుకుంట" అంటుంది. ఆ మాటలో ఫెబా ఉండదు. ఉండాలని ఫెబా కూడా అనుకోలేదు.

బుధవారం భర్త జాన్ ప్రసాద్‌కు ప్లేడే, గనిలో డ్యూటీ లేని రోజు. ఆ రోజు ఒకే తీరు గాజు సీసాలు కొనుక్కొచ్చి అన్నీ వాటిలో పోశాడు, పాత డబ్బాలు బయట పారేశాడు. వంటిల్లు చూడ్డానికి బాగుంది. మర్నాడు మొదటి షిఫ్టుకు పోయేముందు తల్లి పెట్టిచ్చిన టీ నోట్లో పోసుకుని సింకులో ఉమ్మాడు.

"ఉప్పు!"

సుగుణమణి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంట్ల కూసోని చేసే పనే గద నీది," అన్నాడు భార్యతో. "అమ్మ ఏం ముడుతాందో గంత జూసుకోరాదా?"

ఫెబా అతని టిఫిన్ మూత బిగించింది. "మీ గని ల్యాంపు రూముల మీరు తీస్కపోయే దీపాల మీది నంబర్లు మంచిగ లేవని ఎవలన్న చెరిపేస్తె?"

"చెరుపుడేంది? ఎవడు పైకచ్చిండో, ఎవడు లోపల్నే ఉన్నడో తెల్వాలె గద!"

"డబ్బాల మీది బ్యాండ్లు గవ్వే. నువ్వు పారేసినవ్."

అతను బండి తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి సుగుణమణి అంది: "గవి నువ్వు తొడిగినవానే? డబ్బాకే అట్ల వస్తయనుకున్న."

ఫెబా ల్యాప్‌టాప్ తెరిచింది. గోదావరిఖనిలో వేణుమాధవ్ నడిపే చిన్న ఆఫీసుకు ఆమె ఇంటి నుంచే పని చేస్తుంది. వాళ్ళు తయారుచేసే వెబ్‌సైట్లను చూపులేనివాళ్ళు, వినికిడి లేనివాళ్ళు, చేతులు స్వాధీనంలో లేనివాళ్ళు వాడుకోగలరా లేదా చూడడం ఆమె పని. ఈసారి సైటు పెద్దపల్లిలోని ఒక కంటి దవాఖానది. డాక్టర్ల వీడియోల కింద మాటలు రాసింది. మౌస్ పట్టుకోలేనివాళ్ళు కీబోర్డుతోనే నడిపించుకునేలా చేసింది. చివరిసారి పరీక్షించడానికి ఎప్పటిలాగే తెర ఆర్పేసి, పేజీలో ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ గొంతును వింది.

"బటన్. బటన్. బటన్."

వేణుమాధవ్ ఫోన్ చేశాడు. "ఫెబమ్మా, రేపే ఓపెనింగ్. 'అయ్యింది' అని ఒక్క మెసేజ్ పెట్టు."

"కాలేదు సార్. కొత్త డిజైన్ల బటన్ల పేర్లు తీసి బొమ్మలు పెట్టిన్రు. చూపు లేనోళ్ళకు ఏ బటన్ ఏందో తెల్వది."

"నీటుగ ఉన్నది గద. వికలాంగులకని మూలకు వీల్‌చైర్ బొమ్మ గూడ పెట్టినం. అయినా కండ్లు కనవడనోళ్ళు సైటు జూస్తరా? తోలుకచ్చెటోళ్ళు జూస్తరు."

తోలుకొచ్చేవాళ్ళు. ఫెబా ఆ మాట దగ్గర ఆగింది. వాళ్ళెవరో ఆమెకు తెలుసు. "నువ్వే తోలుకపో, నీకు సెలవు అడిగే పని లేదు గద" అని ప్రసాద్ చెప్పిన ప్రతిసారీ పెద్దపల్లి బస్సులో అత్తమ్మ పక్కన కూర్చున్న మనిషి ఆమె. ఆ పూట ఆగిన పని పొద్దుగూకాక ఆమే చేసుకుంటుంది. బటన్‌కు పేరు పెట్టకపోతే పని తగ్గదు, ఏదో ఇంట్లో కోడలి మీదికో కూతురి మీదికో పోతుంది. అటు అడిగేవాళ్ళకూ సుఖం లేదు. దవాఖానకు ఫోన్ చెయ్యమని అడగడానికి అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెల చప్పుడును బట్టి కోడలి కోపం అంచనా వేసుకుంటుంది. ఒక్కోసారి అడగకుండానే వెనక్కి పోతుంది. అది చూసి కూడా ఫెబా పిలవని రోజులున్నాయి.

"లైన్ల ఉన్నవా?"

"ఉన్న సార్. అయ్యింది అని నేను రాయ."

"గట్లయితె ముంగట పనులకు వేరెటోళ్ళను జూసుకుంట మరి."

"మీ ఇష్టం సార్. గిదైతె కాలేదు."

ఫోన్ కట్టయింది. ఈ పని పోతే ప్రసాద్ ఏమంటాడో ఆమెకు తెలుసు. అయినా కూర్చుని ఒక్కో బటన్‌కు పేరు రాసి పంపింది. సాయంత్రం వేణుమాధవ్ దగ్గర్నుంచి ఒకే మాట వచ్చింది: "పేర్లు పెట్టేసినం." ఇకముందు ఇచ్చే పనుల మాట ఎత్తలేదు.

సైటు మొదలయ్యాక, కళ్ళు చూపించుకునే రోజు అందులోనే రాయించుకొమ్మని ఫెబా ఫోన్‌ను అత్తమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యరాదు?"

"నాకు బియ్యం ఏరేదుంది."

సుగుణమణి వేలు తెర మీద తడుముకుంటూ కదిలింది. వేలు ఆగినచోటల్లా ఫోన్ మాట్లాడింది. వారం అడిగితే బుధవారం ఒత్తింది. పేరు అడిగితే తన పేరు పలికింది.

"తోడు వచ్చేవారి పేరు," అంది ఫోన్.

ఇన్నాళ్ళూ దవాఖానవాళ్ళు ఈ మాట అడిగితే ఫెబా తన పేరే చెప్పేది. ఇప్పుడూ చెప్పడానికి నోరు తెరిచింది.

"జాన్ ప్రసాద్," అంది సుగుణమణి ఫోన్‌తో, గట్టిగా.

ముందు గదిలో ప్రసాద్ పడుకున్న మంచం కిర్రుమంది. "నేనా? అమ్మా, బుధారం నాకు ప్లేడే!"

"ఎరుకే బిడ్డా. అందుకే బుధారం ఒత్తిన."

ప్రసాద్ గుమ్మంలోకొచ్చి భార్య వైపు చూశాడు. "గా పేరు జర మార్చరాదు?"

మార్చే బటన్ ఆ పేజీలో ఉంది. దానికి పేరు పెట్టింది కూడా ఫెబానే. ఆమె చేట దగ్గరికి లాక్కుని బియ్యం ఏరసాగింది.