ఎడమ చేతి కట్టె

హోలీ నాడు పొద్దు వాలేసరికి ఆ ఊరి మగాళ్లు ఒకరి ముక్కులొకరు పగలగొట్టుకోవాలి. బోధన్‌కు ఆరు మైళ్ల దూరంలో, చెరుకు తోటల నడుమ ఉన్న ఊరది. రెండు గుంజలకు రొమ్మెత్తున మోకు, అంటే లావుపాటి తాడు, కట్టి, ఇటు సగం మంది, అటు సగం మంది నిలబడతారు. ఎడమ చేత్తో మోకు పట్టుకుని కుడి చేత్తో గుద్దుకుంటారు. కక్షలేమీ ఉండవు, డప్పు ఆగగానే కౌగిలించుకుని ఇళ్లకు పోతారు. ఒకటే కట్టుబాటు: డప్పు మోగుతున్నా, ఆగినా, అక్కడ మోకాలు నేలకు ఆనినవాడు బతికినన్నాళ్లు మళ్లీ మోకు పట్టకూడదు.

ముప్పై ఏళ్లుగా ఇవతలి వరుసలో నడుమ చోటు దేవిదాస్‌దే. ఇప్పుడతనికి యాభై ఎనిమిది. ఫ్యాక్టరీకి పోయే బండ్ల మీదికి చెరుకు మోపులు ఎత్తీ ఎత్తీ కుడి మోకాలు అరిగిపోయింది. పొద్దున లేవగానే కాసేపు కాలు వంగదు, గడప దిగితే లోపల కరకరమంటుంది. ఆ చోటు పోతే ఇక ఊళ్లో తననెవరు లెక్క చేస్తారు? ఆ భయం ముందు నొప్పి అతనికి ఒక లెక్క కాదు.

భార్య హన్మవ్వ పోరు పడలేక చలికాలంలో ఒకసారి దవాఖానకు పోయాడు. నర్సు యేసమ్మ మోకాలు వంచి చూసింది.

"కీలు నడుమ మెత్తటి పొర అరిగింది బాపు. అరిగింది మళ్ల రాదు. గట్లని మూలకు కూసుంటే ఇంకింత బిగుస్తది. కుర్సీల కూసోని కాలు సక్కగ సాపు, పది లెక్కవెట్టేదాక ఆపు. తొడ గట్టివడితే మోకాలికి ఆసరైతది. గొంతుక్కూసోకు. నొచ్చేది కుడి కాలు గద, కట్టె ఎడమ చేతిల వట్టు."

"నొప్పి ఒక దిక్కు, కట్టె ఒక దిక్కా? గిదేం సదువమ్మా!" అని దేవిదాస్ నవ్వాడు.

ఇంటికొచ్చి కట్టెను కుడి చేత్తోనే పట్టి రెండు రోజులు కుంటుతూ నడిచాడు. నొప్పి తగ్గలేదు. "పొయ్యిల వెట్టు!" అని దాన్ని హన్మవ్వ మీదికి విసిరాడు. ఆ మహాతల్లి పొయ్యిలో పెట్టలేదు, దాచిపెట్టింది.

హోలీ సాయంత్రం పళ్లు బిగబట్టుకుని మోకు దాకా నడిచాడు. ఎదురుగా ముత్తన్న, అతని ఈడువాడే. ఏటేటా ఒకరి పళ్లొకరు రాలగొట్టుకున్న జోడీ అది.

డప్పు మోగింది. మొదటి గుద్దుకే దేవిదాస్ పెదవి చీలింది. అతని గుద్దుకు ముత్తన్న కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. చుట్టూ దవడలు పటపటమంటున్నాయి, ఎవడిదో పన్ను దుమ్ములో పడింది. బరువంతా ఎడమ చేత్తో మోకు మీద వేశాడు దేవిదాస్. చిత్రం! కుడి మోకాలు తేలికైంది. యేసమ్మ చెప్పింది ఇదే కదా అనుకుంటుండగానే ముత్తన్న పిడికిలి అతని ముక్కు పగలగొట్టింది.

డప్పు ఆగింది. అందరూ మోకు వదిలారు. దేవిదాస్ వదల్లేదు. వదిలితే కాలు నిలవదని తెలుసు. పట్టుకుని ఊరికే నిలబడితే ఊరంతా కనిపెట్టేస్తుంది. అందుకని మళ్లీ గుద్దాడు. ముత్తన్నా వదల్లేదు, అంతకంత గుద్దాడు. ఈలలు వేసినవాళ్లు నోళ్లు మూశారు. విడదీయబోయిన ఒకడికి మోచేయి తగిలి మూతి వాచింది.

"ఇడువుండ్రిరా! ఆట ఒడిసింది! సచ్చిపోతరు!" పటేల్ పోశన్న అరిచాడు. వినకపోయేసరికి చెరుకు నరికే కత్తితో మోకు తెంపేశాడు.

ఇద్దరూ కుప్పకూలారు. నాలుగు మోకాళ్లూ నేల తాకాయి.

"ఆట ఒడిసినంక ఎందుకు గుద్దినవురా?" దేవిదాస్ రొప్పుతూ అడిగాడు.

ముత్తన్న నెత్తురు ఉమ్మాడు. "మోకు ఇడిస్తే పడ్త. మోకాళ్లు పోయి రెండేండ్లాయె. ఎవ్వరికి చెప్పలే. నువ్వెందుకు గుద్దినవ్?"

దేవిదాస్‌కు నవ్వొచ్చింది. చీలిన పెదవి మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ముప్పై ఏళ్ల చోటు పోయింది మరి. జనాన్ని తోసుకుంటూ వచ్చిన హన్మవ్వ కట్టె చాపింది. ఎడమ చేత్తో అందుకుని, ఊరంతా చూస్తుండగా లేచాడు. నెత్తురు కారుతున్న కుడి పిడికిలి విప్పి ముత్తన్నకు అందించాడు.

"ఏ కాలు ఎక్వ నొస్తదిరా?"

"ఎడమది."

"అయితే కట్టె కుడి చేతిల వట్టు. నవ్వకు, నేన్గుడ నవ్విన."