మూత మీద గంధం

బండికి దయ్యం పట్టిందని రేవంతా చెప్పుకుంటుంటే కలీంకి ఒళ్ళు మండిపోయింది. పట్టడానికి ఆ దయ్యానికి వేరే చోటే దొరకలేదా? పోయిపోయి చేపల కంపు కొట్టే ట్రైలరే కావలసి వచ్చిందా? కావలిలో షెడ్డు పెట్టుకుని ట్రాక్టర్లు, జనరేటర్లు బాగుచేసే మనిషి అతను. ఇంజను ఆగిందంటే గాలి అందక ఆగాలి, డీజిలు అందక ఆగాలి, లేదంటే ఏదో ఒకటి విరిగి ఆగాలి. ఇంకో కారణం ఉందని ఎవరైనా అంటే వాళ్ళ మొహం మీదే నవ్వేవాడు.

కానీ ఈ బండి తన అన్న తహీర్‌ది. తహీర్ పోయి నాలుగు నెలలైంది. అందుకని ఈసారి నవ్వు రాలేదు.

బోగోలు మండలంలో వాళ్ళ ఊరి రేవుకి మధ్యాహ్నం పడవలు వచ్చేసరికి, అద్దె ట్రాక్టరు ఒకటి ఆ ట్రైలరును లాక్కొచ్చి ఇసుక గట్టున వదిలిపోతుంది. తెల్ల రేకు పెట్టె, లోపలంతా చల్లదనం. ముందు భాగంలో ఇనప జాలీ వెనక, ట్రైలరుకే బిగించిన డీజిలు జనరేటరు, దాని పక్కన ట్యాంకు. జనరేటరు తిరిగినంతసేపూ చేప తాజాగా ఉంటుంది. చీకటి పడ్డాక ట్రాక్టరు మళ్ళీ వచ్చి పట్నానికి తీసుకుపోతుంది. తహీర్ ఉన్నన్నాళ్ళూ అలాగే జరిగింది. ఇప్పుడు అతని భార్య షబానా అదే చోట స్టూలు వేసుకుని కూర్చుని అదే పని చేసుకొస్తోంది.

వచ్చిన తంటా ఏమిటంటే, రోజూ పొద్దుగూకే వేళకు జనరేటరు ఆగిపోతోంది. ముందు దాని గొంతు మారుతుంది. తరవాత ఆయాసపడుతుంది. ఆ పైన చటుక్కున చల్లబడుతుంది. డీజిలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే 'ఉస్స్' మని ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, అచ్చం అలిసిపోయిన మనిషి విడిచినట్టు. చూస్తే డీజిలు కావలసినంత ఉంటుంది. మూత పెట్టి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది. ఆ నిట్టూర్పు విన్న కూలీలు తట్టలు అక్కడే దించేసి దూరంగా జరిగేవాళ్ళు.

తహీర్ పోయింది కూడా ఆ వేళకే. దర్గాలో గంధం పండగ జరిగిన మర్నాడు, రేవులో పడవలన్నీ ఒకేసారి ఒడ్డుకు చేరి జనం కిటకిటలాడుతుండగా జనరేటరు ఆగింది. డీజిలు అయిపోయిందనుకుని అతను క్యాను పట్టుకుని మోటారు సైకిలెక్కాడు. హైవే దాటుతుండగా లారీ కొట్టేసింది. పోలీసులు ఖాళీ క్యానును తెచ్చి ఇచ్చారు. దానికి చిన్న సొట్ట కూడా పడలేదు.

మట్టి ఇచ్చి వచ్చాక కలీం ట్యాంకు మూత తీసి చూశాడు. సగానికి పైగా డీజిలు ఉంది. గేజి ముల్లు ఎప్పుడో చచ్చిందన్నది నిజమే. అయినా మూత తీసి చూస్తే తెలిసిపోయేదానికి, డీజిలున్న బండిని పెట్టుకుని అన్న డీజిలు కోసం ఎందుకు పోయినట్టు? ఈ ప్రశ్న కలీంకి అన్నం తింటున్నా అడ్డం వచ్చేది, నమాజులో నిలబడ్డా అడ్డం వచ్చేది. రేవు వాళ్ళ దయ్యం సంగతేమో గాని, అతన్ని పట్టి పీడించే దయ్యం మాత్రం ఇదే.

మూడుసార్లు వచ్చి బండిని చూశాడు. ఉప్పుగాలికి డీజిల్లో నీళ్ళు చేరతాయి కాబట్టి ట్యాంకు అడుగునుంచి నీళ్ళు దించేశాడు. ఫిల్టరు మార్చాడు. ట్యాంకులోకి దిగే గొట్టం పగిలిందేమోనని ఊడదీసి చూశాడు. పంపు విప్పి కడిగాడు, రబ్బరు ట్యూబులన్నీ కొత్తవి వేశాడు. తల ప్రాణం తోకకొచ్చింది గాని జబ్బు మాత్రం చిక్కలేదు. అతను చూసేది పొద్దున, అది ఆగేది సాయంత్రం. పైగా అన్నీ చూసినవాడు ఒక్క మూతను మాత్రం చూడలేదు. దాని నెత్తిన దర్గా గంధం దట్టంగా మెత్తి ఉంది, ఎండి గట్టిపడి. దాన్ని జిడ్డు చేతులతో తుడవడానికి మనసెలా ఒప్పుతుంది? మూత తిప్పాల్సి వచ్చినప్పుడల్లా గంధానికి తగలకుండా అంచులు పట్టుకుని తిప్పేవాడు.

"ఏం కలీమూ, ఈ పొద్దన్నా తేలుస్తావా, లేదా?" అంది పరంజ్యోతి. రేవులో దిగిన చేపంతా కొని పైకి పంపేది ఆమె. ఆమె సరుకు ఎక్కకపోతే షబానా బండికి పనే లేదు. "ఇంకొక్క దినం ఆగిందంటే నా సరుకు వేరే బండికి ఎక్కిస్తా. మళ్ళ నన్నేం అనుకోబాకండి. కూలోళ్ళు ఈ బండి కాడికే రామంటా ఉండారు, నేనేం చేసేది?"

"తేలుస్తా అక్కా. అది ఆగేదాకా ఈణ్ణించి కదలను" అన్నాడు కలీం.

జాలీ తలుపు తీసి ట్యాంకు పక్కన చతికిలబడ్డాడు. షబానా ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. ఇంకో గ్లాసులో కూడా పోసి ట్రైలరు మెట్టు మీద పెట్టింది. అది ఎవరికని కలీం అడగలేదు. అడగకపోయినా తెలుస్తూనే ఉంది.

"నువ్వు దీన్ని బాగుచెయ్యబాకు కలీం" అంది ఆమె, పరంజ్యోతి అటు పోయాక.

"ఏంది వదినా ఆ మాట? సరుకు పోతే నువ్వు తినేదేంది?"

"ఆపేది మీ అన్న. నాకు తెలుసు. ఈ వేళకి ఒక్కసారి వచ్చి ఊపిరి వదుల్తాడు. ఆ మాత్రం దానికి నేను పొద్దన్నించీ ఎదురు చూస్తా. అదీ లేకుండా చేస్తావా నాకు?"

"అన్న ఎట్టాంటోడు? బండి ఒక్క నిమిషం ఆగితే ఊరంతా ఏకం చేసేటోడు. వచ్చి వచ్చి దాన్నే ఆపుతాడా?" అని విసుక్కున్నాడు కలీం. విసుగు ఆమె మీద కాదు. ఆ మాటకు తన వెన్నులో పుట్టిన చలి మీద.

పొద్దు వాలింది. సముద్రం రంగు మారింది. పడవల దగ్గర కేకలు సద్దుమణిగాయి. జనరేటరు గొంతు మారింది.

షబానా స్టూలు మీంచి లేచి, కొంగు సర్దుకుని, ఎవరో వస్తున్నట్టు నిలబడింది. కలీం చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంజను ఆయాసపడడం మొదలుపెట్టింది. ఇంతకు ముందంతా అది ఆగాక మూత తీసేవాళ్ళు. కలీం ఈసారి ఆగనివ్వలేదు. గబుక్కున మూత తిప్పి, ట్యాంకు నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

'ఉస్స్' మంది. ఏదో అరచేతిని లోపలికి లాక్కుంది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. క్షణం తరవాత గాని బుర్ర పనిచెయ్యలేదు. లాగుతోంది! అందరూ అనుకున్నట్టు ఇది ఊపిరి వదలడం కాదు, పీల్చడం. ట్యాంకు గాలికి మొహం వాచి ఉంది. చెయ్యి తీసేశాడు. ఇంజను కాస్సేపు దగ్గి, గొంతు సవరించుకుని, ఏ తేడా లేకుండా తిరగసాగింది. దూరంగా మసీదులో పొద్దుగూకే నమాజుకి పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది, అయిపోయింది కూడా. జనరేటరు ఆగలేదు.

కలీం మూతను వెలుతురుకు పట్టుకుని చూశాడు. మూత నడుమ సూది దూరేంత కన్నం ఉండాలి. డీజిలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వచ్చేది అందులోంచే. గాలి రాకపోతే ట్యాంకు డీజిలును వదలదు, సీసా మూతికి నోరు గట్టిగా ఆనించి తాగబోతే నీళ్ళు రానట్టు. కన్నం ఉండాల్సిన చోట గంధం ఉంది, రాయిలా. దాని మీద బొటనవేలి ముద్ర గీతలతో సహా అచ్చుపడి ఉంది.

'దొరికింది వదినా నీ దయ్యం!' అని అరవబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ గంధం మటుకు తుడవబాకు కలీం" అంది షబానా ముందుగానే. "అది నేను పెట్టింది. పండగ మర్నాడు పొద్దన్నే దర్గా కాణ్ణించి తెస్తానే, బండికి పెట్టమన్నాడు మీ అన్న. యాడ పెట్టాలో నాకేం తెలుసు? ఇదే గదా దాని నోరు, దాని కడుపు ఎప్పుడూ ఎండకూడదని ఈ మూతకే పెట్టినా, బొటనేలితో గట్టిగా అదిమి. ఆరిందాకా, రేపటిదాకా దీన్ని ముట్టుకోబాకు అని చెప్పినా. ఆ మనిషి నా మాట ఏనాడన్నా విన్నాడా!"

అని నవ్వింది. అతను పోయాక ఆమె నవ్వగా కలీం చూడడం అదే మొదలు.

కలీం మూతను గుప్పిట్లో మూసేశాడు. అన్న విన్నాడు. జీవితంలో ఆ ఒక్క రోజు విన్నాడు. బండి ఆగింది గంధం వల్ల. మూత తీసి చూడకపోయింది పెళ్ళాం మాట వల్ల. అందుకే సగం నిండిన ట్యాంకును వదిలి, ఖాళీ క్యాను పట్టుకుని హైవే ఎక్కాడు. నాలుగు నెలలుగా అడ్డం వచ్చిన ప్రశ్నకు జవాబు అరచేతిలో ఉంది. దాన్ని ఎందుకు వెతుక్కున్నానా అని కలీం తన్ను తాను తిట్టుకున్నాడు. ఈ జవాబు ఆమె చెవిన పడితే ఇక ఆమె బతకదు. బతికినా ఆ వేలి వంక చూసుకోలేదు.

"ఏందో దొరికిందంటివే?" అంది షబానా.

"నేనేమీ అన్లేదే."

"అనబోయినావు. మొహం చూస్తే తెలీదా? మిషనులో తప్పు ఉండాదా? అయితే ఆపింది ఆయన కాదా?"

ఎంతోమంది మొహాల మీద నవ్విన మనిషి తల దించుకున్నాడు.

"మిషను శుభ్రంగా ఉండాది వదినా. ఆపింది అన్నే" అన్నాడు.

షబానా కళ్ళు తుడుచుకుంది. "మరి ఈ పొద్దు ఆపలేదే?"

"ఇంక ఆపడు. నువ్వు చూసుకోగలవని నమ్మకం కుదిరినట్టుండాది. ఇంక పోనీ వదినా ఆయన్ని."

ఆమె సముద్రం వైపు తిరిగింది. మెట్టు మీది గ్లాసు తీసి, టీ ఇసుకలో పోసేసింది.

పరంజ్యోతి వచ్చి, తిరుగుతున్న జనరేటరును చూసి నోరు వెళ్ళబెట్టింది. "ఏం చేసినావయ్యా?" అంది. "ఏం చెయ్యలేదక్కా. గంధం చెరక్కుండా ఆ మూత దాచి, ఇంకోటి వేస్తా ఉండా" అని కలీం సంచిలోంచి అదే కొలతది ట్రాక్టరు మూత ఒకటి తీసి బిగించాడు. కన్నంలోకి గాలి ఊది చూసి మరీ బిగించాడు. పాత మూత అతని జేబులో బరువుగా ఉంది. కూలీలు తట్టలెత్తుకుని ఒక్కొక్కరే దగ్గరికి రాసాగారు.

అప్పుడు షబానా చేతిసంచిలోంచి కాగితం పొట్లం తీసింది. మిగిలిన గంధం. రెండు చుక్కల నీళ్ళు వేసి రంగరించి, బొటనవేలికి దట్టంగా అంటించుకుని ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"కొత్తదానికి కూడా పెట్టాల గదా" అంది.

కలీం గబుక్కున మూత మీద అరచెయ్యి బోర్లించాడు. ఆమె వేలు గాల్లో ఆగింది.

"నా చేతికి పెట్టు వదినా" అన్నాడు. "రేపట్నించి దీన్ని చూసుకొనేది ఈ చెయ్యే గదా."

షబానా ఒక్క క్షణం అతని వంక చూసింది. తరవాత బోర్లించిన ఆ చేతి మీద బొటనవేలితో గట్టిగా అదిమి గంధం పెట్టింది.

"ఆరిందాకా తియ్యబాకు" అంది.

కలీం తియ్యలేదు. మూత నడుమ కన్నం, సన్నగా, లోపలినుంచి ఎవరో పిలిచినట్టు, అతని అరచేతిని లాగుతూనే ఉంది. చెయ్యి అక్కడే ఉంచి, అరచేతి కింద గాలికి కాస్త దారి వదిలాడు.