మైకులో అన్న మాట

కొల్లాపూర్ టౌన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై ఆరేళ్లుగా మేనేజర్‌గా ఉన్న కురుమయ్య, ఇక తప్పుకుంటానని పోయిన డిసెంబర్‌లో చెప్పాడు. బస్ డిపోలో మెకానిక్‌గా రిటైరై అప్పటికే నాలుగేళ్లయింది. మోకాళ్లు పట్టేస్తున్నాయి, గ్రౌండ్ పక్కన గంటన్నర నిలబడలేకపోతున్నాడు. అభిమానులంతా కలిసి కాలేజీ గ్రౌండ్‌లో పాత ఆటగాళ్లతో ఒక మ్యాచ్, ఆ తర్వాత సన్మానసభ పెట్టాలనుకున్నారు. సార్ గురించి మాట్లాడే పని లక్ష్మణ్‌కు అప్పజెప్పారు.

లక్ష్మణ్‌ది బస్టాండ్ వెనక మైక్‌సెట్ దుకాణం. మ్యాచ్ ఉందంటే మైకూ ఆయనదే, వ్యాఖ్యానమూ ఆయనదే. గోల్ పడినప్పుడు ఆయన వేసే కేక ఊరవతల మామిడితోటల దాకా వినబడుతుందని చెప్పుకుంటారు. అట్లాంటి మనిషి రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు. ఎందుకు రావడంలేదో ఆయనకు తెలుసు.

పదమూడేళ్ల కింద వనపర్తిలో ఫైనల్. అంతకు ముందు మ్యాచుల్లో తొమ్మిది గోల్స్ కొట్టిన సందీప్‌ను కురుమయ్య ఆ రోజు ఆడనివ్వలేదు. ఆట మొత్తం బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఒక్క గోల్ తేడాతో జట్టు ఓడిపోయింది. ఎందుకిట్ల చేశావని అందరూ మీద పడితే "నా నిర్ణయం" అని ఒక్క మాటన్నాడు. లక్ష్మణ్ కోపం ఆపుకోలేక మైకు అందుకుని, "కురుమయ్యా, దిగిపో!" అని అరిచాడు. వెనకనే మూడు లారీల్లో వచ్చిన మన ఊరి జనం అందుకున్నారు. అప్పటినుంచి జట్టు ఎప్పుడు ఓడినా గ్రౌండ్‌లో అదే నినాదం. కురుమయ్య మాత్రం మరుసటి వారమే దుకాణానికి వచ్చి, "లక్ష్మణ్, ఆదివారం మ్యాచ్ ఉంది, మైక్ పెట్టాలె" అని ఎప్పటిలాగే చెప్పి వెళ్లాడు.

ఆ ఫైనల్ సంగతి తేలకుండా ఏం మాట్లాడినా అబద్ధమే అవుతుందనిపించింది లక్ష్మణ్‌కు. సందీప్ ఇప్పుడు రాజోలిలో, అత్తగారి ఊళ్లో, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి లక్ష్మణ్ అక్కడికి వెళ్లాడు.

సందీప్ గ్రీసు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. భార్య రేఖ చాయ్ తెచ్చి పెట్టి, అక్కడే గడప మీద కూర్చుంది.

"సార్ నీకు అన్యాయం చేసిండు గదా. ఆయన గురించి మంచిగ మాట్లాడుమంటే నాకు మాట వస్తలేదు" అన్నాడు లక్ష్మణ్.

సందీప్ భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుని చిన్నగా నవ్వింది.

"అన్నా, ఆ పొద్దు నేను తాగి ఉంటి" అన్నాడు సందీప్. "ముందటి దినం లాడ్జిల మొదలుపెట్టిన, తెల్లారినా దిగలె. సార్ వచ్చి చూసిండు. ఆ రోజే వీళ్ల నాయిన నన్ను చూసేటందుకు మ్యాచ్‌కు వస్తుండె. తాగేటోనికి పిల్లనియ్యడాయన. కాళ్లు మొక్కిన. కాలు బెణికిందని చెప్పు సార్ అన్న. అబద్ధం నేను చెప్ప అన్నడు. 'నిన్ను ఆడిపియ్యొద్దన్నది నా నిర్ణయం, గంతే చెప్త. అది నిజమే గదా' అన్నడు."

"మరి ఇన్నేండ్లు నువ్వెందుకు చెప్పలే?"

"ముందు భయం. తర్వాత సిగ్గు. పెండ్లయినంక ఈమెకు చెప్పిన. తాగుడు ఎంటనే మానిన అని చెప్పుకుంటే బాగుంటది గని, ఇంకో రెండేండ్లు తాగిన అన్నా. సార్ ఏడాదికి రెండుసార్లు ఈడికొచ్చి, గీ స్టూలు మీద కూసుని, చాయ్ తాగి పోతుండె. ఆ మాట ఒక్కసారి ఎత్తలే. ఆయన బస్సు దిగుతుంటే చూడనీకి నాకే మొఖం చెల్లక తాగుడు మానిన." చాయ్ గ్లాసు కింద పెట్టి, "సభల నువ్వు చెప్పు. నాకేం ఇబ్బంది లేదు ఇప్పుడు" అన్నాడు.

తిరుగు బస్సులో లక్ష్మణ్ కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు గానీ, చెవుల్లో 'దిగిపో' అన్న తన గొంతే మోగుతోంది. ఊళ్లో దిగి ఇంటికి పోకుండా నేరుగా కురుమయ్య ఇంటికి వెళ్లాడు. కురుమయ్య అరుగు మీద మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"రాజోలి పోయొచ్చిన సార్. సందీప్ అంత చెప్పిండు. ఎల్లుండి మైకుల ఊరందరికీ చెప్త."

"వద్దు."

"సందీపే చెప్పుమన్నడు సార్!"

"వానికి ఇద్దరు పిల్లలు. రేపు బడిల ఎవడో ఒకడు మీ నాయిన తాగి ఫైనల్ పోగొట్టిండంటడు" అన్నాడు కురుమయ్య. చేతికంటిన నూనెను పిక్కలకు రాసుకుంటూ, "ఇంకోటి విను. పదకొండు మందిల ఒక్కడు లేకుంటే ఓడిపోయే జట్టును తయారుచేసిందెవరు? నేనే. వాడు గోల్స్ కొడుతుంటే మురిసిన, మిగిలినోళ్లను పట్టించుకోలే. గది మేనేజర్ తప్పు. మీరు తిట్టింది ఒట్టిగ పోలే లక్ష్మణ్. గప్పటి నుంచే ప్రాక్టీస్ పద్ధతి మార్చిన."

లక్ష్మణ్ అరుగు అంచున కూర్చున్నాడు. "నేను అరిచినప్పుడు బాధ కాలేదా సార్?"

"అయింది" అన్నాడు కురుమయ్య. "ఇంట్ల ఆమె మూడు దినాలు అన్నం తినలే. గందుకు ఎక్కువ బాధైంది."

ఆదివారం గ్రౌండ్ నిండింది. మన్ననూర్ నుంచి కూడా పాత ఆటగాళ్లు వచ్చారు. సందీప్ రేఖతో వచ్చి, పొట్ట మీద పాత జెర్సీ లాక్కుని ఆడాడు. ఒక గోల్ కొట్టబోయి తానే జారి బంతి మీద పడితే అందరూ నవ్వారు, కురుమయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు.

సభలో కురుమయ్య, ఆయన భార్య ముందు కుర్చీల్లో కూర్చున్నారు. లక్ష్మణ్ మైకు పట్టుకున్నాడు. కాగితం తేలేదు.

"పదమూడేండ్ల కింద గీ మైకులనే సార్‌ను దిగిపొమ్మన్న. తెల్వక అన్న. తప్పు నాది. ఆ మాట అందరి ముందట వాపస్ తీసుకుంటున్న. సార్, అమ్మా, మాఫ్ చెయ్యండి."

"ఎందుకే, కప్పు పోగొట్టింది నిజమే గదా!" అని వెనక నుంచి దినేష్ అనే అభిమాని అన్నాడు. సందీప్ లేవబోయాడు. కురుమయ్య కూర్చోమని చేత్తో సైగ చేశాడు. సందీప్ కూర్చున్నాడు, కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

అప్పుడు విజయమ్మ లేచింది. కూలికి పోయే మనిషి, మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. "నా కొడుకు మూడేండ్లు టీంల ఉండె. ఒక్క మ్యాచ్ ఆడలే" అంది. "అయినా మ్యాచ్ ముందట సార్ టీం పేర్లు చదివితే నా కొడుకు పేరు వదలకుండ చదువుతుండె. వాని పేరు మైకుల వినేటందుకే నేను ప్రతిసారి వస్తుంటి. కప్పుల సంగతి నాకు తెల్వదు." ఆమె అంతటితో వెళ్లి కూర్చుంది. చప్పట్లు చాలాసేపటికి గానీ ఆగలేదు.

ఫైనల్ గురించిన వాదన మాత్రం తెగలేదు. ఇప్పటికీ చాయ్ దుకాణం దగ్గర కురుమయ్య పేరు వస్తే సగం మంది సందీప్‌ను ఆడించి ఉండాల్సిందంటారు. లక్ష్మణ్ విని ఊరుకుంటాడు. మొదట్లో ఊరుకోవడం కష్టంగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

సంక్రాంతి దాటాక కొత్త మేనేజర్ కింద జట్టు మొదటి మ్యాచ్ ఆడింది. కురుమయ్య అభిమానుల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు నిమ్మళంగానే ఉన్నాడు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పి మరచి లేచి నిలబడి, "ఓ మేనేజరూ, ఎడమ దిక్కు ఖాళీ ఉంది, కండ్లు కనబడుతున్నయా?" అని కేకేశాడు. ఆ గొంతు పక్కనే వ్యాఖ్యానం చెబుతున్న లక్ష్మణ్ మైకులోంచి కూడా బయటికి వినబడింది.